రోహిణి కార్తెలో లెట్యూస్: గ్రో టెంట్‌ని చల్లబరచడానికి నేను పడ్డ పాట్లు

మాది నిజాంపేటలో అయిదో అంతస్తు ఫ్లాటు, పైన ఇక డాబానే. బాల్కనీ ఉత్తరం వైపు, ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో ఇంకో అపార్ట్‌మెంటు. కుండీలో ఏది పెట్టినా ఎండ లేక సన్నగా సాగిపోతుంది, మిగిలింది పావురాలు పాడుచేస్తాయి. అలా రెండేళ్లు విసిగిపోయి, ఫిబ్రవరి 16న ఒక గ్రో టెంట్, అంటే ఇంట్లోనే లైటు కింద మొక్కలు పెంచే గుడ్డ గది, ఆర్డర్ పెట్టాను. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు. బయట నల్లటి గుడ్డ, లోపల అద్దంలా మెరిసే పొర, ముందు పెద్ద జిప్పు. చిన్న బట్టల బీరువా అంత ఉంటుంది. టెంట్ 6,200, 200 వాట్ల ఎల్‌ఈడీ బోర్డు 11,500, గాలి లాగే పైపుకి (డక్టు) బిగించే నాలుగంగుళాల ఇన్‌లైన్ ఫ్యాను 3,100, డక్టు పైపు 650. రెండు ఇరవై లీటర్ల టబ్బులు, మూతకి చిల్లులు పెట్టి నెట్ పాట్లు (వేర్లు కిందికి దిగే జల్లెడ కుండీలు), చేపల తొట్టికి పెట్టే ఎయిర్ పంపు. మట్టి లేదు, నీళ్లలోనే లెట్యూస్ అనే సలాడ్ ఆకు, కాస్త ఇటాలియన్ బేసిల్. మా ఆవిడ లెక్క చూసి "ఈ డబ్బుతో ఎన్నేళ్ల సలాడ్ వస్తుందో తెలుసా" అంది. తెలుసు. అందుకే లెక్క ఆమెకి పూర్తిగా చూపించలేదు.

టెంట్, లైటు 21న వచ్చాయి. ఫ్యాను మాత్రం తొమ్మిది రోజులు ఆలస్యం. ఆగలేక 25న ఫ్యాను లేకుండానే బిగించి లైటు వేశాను, జిప్పు మూసి టీ తాగడానికి వెళ్లాను. నలభై నిమిషాల తర్వాత వచ్చి చూస్తే గది 29, టెంట్ లోపల 38. చెయ్యి లోపల పెడితే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు వెచ్చటి ఆవిరి. అప్పటికి నాకు తట్టని విషయం ఏంటంటే, ఎల్‌ఈడీ చల్లగా ఉంటుంది అని అందరూ అంటారు గానీ గోడలోంచి లాగిన 200 వాట్లూ చివరికి వేడిగానే మారతాయి. అంటే ఆ గుడ్డ బీరువాలో 200 వాట్ల చిన్న హీటరు పెట్టి మూత వేసినట్టే.

మార్చి 2న ఫ్యాను వచ్చింది. ఇక్కడ మొదటి తెలివితక్కువ పని. కింది రంధ్రంలో ఫ్యాను పెట్టి బయటి గాలిని లోపలికి ఊదించాను, కూలర్ ఊదినట్టు ఊదుతుంది కదా అని. టెంట్ బెలూన్‌లా ఉబ్బింది, జిప్పు సందుల్లోంచి గాలి బుస్సుమంది, పైన లైటు దగ్గర వేడి మాత్రం అలాగే కూర్చుంది. రెండు రోజులు చూసి తిప్పేశాను. ఫ్యాను పైన, వేడి గాలిని బయటికి లాగేలా. కింద రెండు జాలీ కిటికీలు తెరిచి పెడితే గాలి దానంతట అదే లోపలికి వస్తుంది. ఇప్పుడు టెంట్ గోడలు లోపలికి కాస్త పీల్చుకున్నట్టు ఉంటాయి, చూడగానే సరిగ్గా పనిచేస్తోందని అర్థమవుతుంది. మరీ లోతుగా పీల్చుకుంటే మాత్రం కింద గాలి వచ్చే దారి చాలట్లేదని. నాకు అలా ఏప్రిల్‌లో ఒకసారి అయింది, చూస్తే జాలీకి దుమ్ము పట్టి గుడ్డలా అయిపోయింది. పాత టూత్‌బ్రష్‌తో దులిపితే లోపల ఒక డిగ్రీ తగ్గింది. పైసా ఖర్చు లేకుండా తగ్గిన డిగ్రీ అదొక్కటే.

ఫ్యాను శబ్దం గురించి కూడా చెప్పాలి. టెంట్ పైకమ్మీకి నేరుగా కట్టేశాను. కమ్మీ, టెంట్, కింద నేల అన్నీ కలిసి రాత్రంతా గుయ్‌మని మోత. మా అమ్మ పక్క గదిలో పడుకుంటుంది. పొద్దున్నే "ఒరేయ్, రాత్రంతా పిండిమర ఆడుతున్నట్టుందిరా" అంది. పాత సైకిల్ ట్యూబు ముక్కలుగా కోసి వాటికి ఫ్యాను వేలాడదీస్తే సగం మోత తగ్గింది. తెలివి ఎక్కువై సీలింగ్ ఫ్యాను రెగ్యులేటర్ ఒకటి తగిలిస్తే మోటారు తిరగడం మానేసి మూలగడం మొదలుపెట్టింది, గంటలో పీకేశాను. దానికి సరిపడే కంట్రోలర్ 900 పెట్టి విడిగా కొనాల్సి వచ్చింది.

ఇంకోటి, థర్మామీటరు. 350 రూపాయల డిజిటల్‌ది, తేమ కూడా చూపిస్తుంది. దాన్ని లైటు కింద వేలాడదీసి, 36 చూపిస్తోందని వారం రోజులు టెన్షన్ పడ్డాను. లైటు వెలుగు నేరుగా పడి ఆ డబ్బానే వేడెక్కుతోంది. ఆకుల ఎత్తులో పెట్టి, పైన అట్టముక్కతో నీడ ఇస్తే 32 చూపించింది. అదీ లైటుని 150 వాట్లకు తగ్గించాక. లైటు డ్రైవరుని, అంటే దానికి కరెంటు అందించే డబ్బాని, కూడా విప్పి టెంట్ బయట గోడకి పెట్టాను, ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడి దానిది.

మార్చి మొత్తం బాగానే గడిచింది. 27న మొదటి కోత, బటర్‌హెడ్ రకం, అరచేతిలో పట్టేంత గుత్తులు ఏడు. ఆ రోజు ఫోటోలు చుట్టాలందరికీ పంపాను.

ఏప్రిల్ మొదటి వారంలో లోపలి లేత ఆకుల అంచులు గోధుమరంగులోకి తిరిగి, కాగితం కాలినట్టు అయ్యాయి. ఎరువు ఎక్కువైందేమో అనుకుని నీళ్లు మార్చాను, తగ్గలేదు. అసలు సంగతి గాలిది. ఆకు నుంచి తేమ ఆవిరైతేనే వేరు నుంచి కాల్షియం పైకి వస్తుంది. గుత్తి మధ్యలో ముడుచుకుని ఉన్న లేత ఆకుకి గాలి తగలకపోతే తేమ అక్కడే నిలుస్తుంది, కాల్షియం చేరదు, అంచు మాడుతుంది. పైన ఎగ్జాస్ట్ ఎంత లాగినా గుత్తి లోపలి గాలి కదలట్లేదన్నమాట. 1,100 పెట్టి క్లిప్పు ఫ్యాను కొని, ఆకులు కాస్త వణికేలా అడ్డంగా ఊదించాను. తర్వాత వచ్చిన ఆకులకి మాడు లేదు. చిన్న ఫ్యానే, కానీ దీన్ని మొదటి రోజే కొనాల్సింది.

అసలు కథ ఏప్రిల్ 18 నుంచి. బయట 40 దాటింది. మా గది పడమటి గోడ, పైన డాబా స్లాబు. మధ్యాహ్నం గది 34, టెంట్ 37. రొమేన్ లెట్యూస్ మూడు రోజుల్లో మధ్యలోంచి కాడ సాగదీసి పూతకి సిద్ధమైంది. ఆకు కొరికితే వేపాకు గుర్తొచ్చింది. కొత్తగా వేసిన విత్తనాలు ఒక్కటీ మొలవలేదు. వేడి ఎక్కువైతే లెట్యూస్ విత్తనం మొలకెత్తకుండా మొండికేస్తుందని అప్పుడు తెలిసింది. తడి టిష్యూలో చుట్టి ఫ్రిజ్‌లో రెండు రోజులు పెట్టి తీస్తే మొలకలొచ్చాయి. మా ఆవిడ ఆ డబ్బా తెరిచి పచ్చడి అనుకుంది.

నేను ఏం చేశానంటే, ఫ్యాను చాలట్లేదనుకుని ఆరంగుళాల పెద్ద ఫ్యాను కొన్నాను. 4,800. 37 కాస్తా 35న్నర అయింది, అంతే. ఒకటిన్నర డిగ్రీకి 4,800. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. నాలుగంగుళాల ఫ్యాను డక్టు వంపులన్నీ పోను నిమిషానికి 90 ఘనపుటడుగుల గాలి లాగుతుందనుకుందాం. మా టెంట్ మొత్తం 40 ఘనపుటడుగులు, అంటే అర నిమిషంలోపే లోపలి గాలంతా మారిపోతోంది. ఆ గాలి 150 వాట్ల వేడిని మోసుకుపోవాలంటే గది కంటే మూడు డిగ్రీలు ఎక్కువ ఉండాలి. గాలి రెట్టింపు చేస్తే మూడు కాస్తా ఒకటిన్నర అవుతుంది. ఇంకా పెద్ద ఫ్యాను, ఇంకా పెద్ద ఫ్యాను అంటూ పోయినా గది 34 ఉంటే టెంట్ 34కి కింద పడదు. ఫ్యాను చల్లబరచదు, టెంట్‌ని గదిలా చేస్తుంది. గదే కొలిమి అయితే టెంట్ కూడా కొలిమే. నెల రోజులుగా నేను టెంట్‌తో కుస్తీ పడుతున్నాను, పట్టాల్సింది గదితో.

అయినా వెంటనే బుద్ధి రాలేదు, ఏసీ బిల్లు భయం. ఆ గదిలో ఏసీ లేదు కూడా. ఎగ్జాస్ట్ గాలి గదిలోకే వదులుతున్నాను కాబట్టి అదే వేడి మళ్లీ లోపలికి పోతోంది. తలుపు మూస్తే గది ఇంకో రెండు డిగ్రీలు ఎక్కుతోంది. సరే, కిటికీలోంచి బయటికి తోలేద్దాం అని ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే "అద్దానికి చిల్లు నా వల్ల కాదు సార్" అన్నాడు. స్లైడింగ్ అద్దాన్ని పక్కకి జరిపి, ఆ ఖాళీలో బోర్డులు రాసే షాపులో కోయించిన సన్‌బోర్డు ముక్క బిగించి, దానికి డ్రైనేజీ పైపు ముక్క దూర్చి, అందులో డక్టు పెట్టి, అల్యూమినియం టేపు చుట్టాం. బయటి వైపు పావురాలు రాకుండా జాలీ. మొత్తం 1,400, ఒక ఆదివారం.

ఆ ఆదివారం సాయంత్రమే అసోసియేషన్ సెక్రటరీ గారు బెల్లు కొట్టారు. కింద నుంచి చూస్తే కిటికీలోంచి వెండిరంగు పైపు, గోడ మూలన మెరుపు. కాసేపు ఎండల గురించి, మోటారు రిపేరు గురించి మాట్లాడి, చివరికి గొంతు తగ్గించి "బాబూ, లోపల ఏం పెంచుతున్నారు?" అన్నారు. ఆయన అడిగింది గంజాయి గురించేనని నాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. లోపలికి తీసుకెళ్లి జిప్పు తీసి చూపించాను. "ఓ, క్యాబేజీనా" అన్నారు. క్యాబేజీయే అంకుల్ అని రెండు గుత్తులు చేతిలో పెట్టి పంపించాను. మీరు కూడా ఇలాంటిది బిగిస్తే ముందే నలుగురికీ చూపించండి, తర్వాత చెప్పుకోవడం కంటే అదే నయం.

డక్టు బయటికి పెట్టాక గది 34 దగ్గర ఆగింది, ఎక్కలేదు. కానీ తగ్గలేదు కూడా. ఏప్రిల్ 26న పక్కింటివాళ్ల కూలర్ అడిగి తెచ్చాను. తొలి గంట స్వర్గం, గది 29కి దిగింది. ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ అంత బాగా పనిచేస్తుంది, కానీ దానికి కిటికీ తెరిచి ఉండాలి, తడిగాలి బయటికి పోవాలి. నేను దుమ్ము వస్తుందని మూసి ఉంచాను. మూడో గంటకి తేమ 84 శాతం, టెంట్ లోపలి గోడల మీద నీటి బొట్లు. మూడో రోజుకి అల్మరాలో బట్టలు ముక్కవాసన, ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాగు మీద తెల్లటి బూజు. తిరిగి ఇచ్చేశాను.

రాత్రిపూట లైటు వేస్తే సరిపోతుంది కదా అని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. మొక్కకి పగలేదో రాత్రేదో మనం వేసే లైటే చెప్తుంది కదా. కానీ రెండు రాత్రులు అలారం పెట్టుకుని లేచి కాగితం మీద రాసుకుంటే వచ్చిన అంకెలు ఇవి: రాత్రి పదింటికి గది 35, పన్నెండుకి 34, రెండింటికి 32, అయిదుకి 30, ఎనిమిదింటికీ 30. పగలంతా కాగిన స్లాబు, పడమటి గోడ ఆ వేడిని అర్ధరాత్రి దాకా గదిలోకి వదులుతూనే ఉన్నాయి. మా టాప్ ఫ్లోర్‌లో చల్లని సమయం అంటే తెల్లవారుజామే, అదీ 30. లైటుని రాత్రి ఒంటిగంట నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకి మార్చాను, మొక్కలు బతికాయి, అంతకుమించి ఏమీ లేదు.

మే 3న మా ఆవిడే అంది, రాత్రి పది నుంచి పొద్దున ఎనిమిది దాకా మన గదిలో ఏసీ ఎలాగూ నడుస్తుంది కదా, టెంట్‌ని తెచ్చి అక్కడ పెట్టకూడదా అని. నేను అంతవరకు అడగడానికే భయపడిన మాట అది. షరతులు రెండు: మోత ఉండకూడదు, జిప్పు చిల్లుల్లోంచి లైటు కళ్లలో పడకూడదు. చిల్లులకి నల్ల టేపు అంటించాను. గది 26లో ఉంటే ఫ్యాను సగం వేగంతో చాలు, మోత వినపడదు. పెద్ద ఫ్యాను కొన్నది వృథా అనుకున్నాను గానీ, ఇక్కడ అది నెమ్మదిగా, నిశ్శబ్దంగా తిరగడానికి పనికొచ్చింది. లైటు రాత్రి తొమ్మిదిన్నర నుంచి ఎనిమిది వరకు.

అక్కడా ఒక పొరపాటు. అలవాటు ప్రకారం డక్టుని బాత్రూం ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి బయటికి పెట్టాను. రెండో రాత్రి "ఏసీ ఆగట్లేదేంటి" అంది ఆవిడ. నిజమే, 26లో పెట్టినా కంప్రెసరు ఒక్క నిమిషం విరామం తీసుకోవట్లేదు. తలుపు కింది సందు దగ్గర చెయ్యి పెడితే హాల్లోంచి వెచ్చటి గాలి రయ్యిన లోపలికి. ఫ్యాను చల్లటి గాలిని బయటికి తోలేస్తుంటే దాని బదులు 33 డిగ్రీల హాలు గాలి లోపలికి వస్తోంది. లెక్కేస్తే తల తిరిగింది. 150 వాట్ల వేడిని బయటికి గెంటడానికి 350 వాట్ల వేడిని నేనే ఇంట్లోకి పిలుస్తున్నాను! డక్టు పీకేసి ఎగ్జాస్ట్‌ని గదిలోకే వదిలేశాను. ఏసీ మోయాల్సింది ఆ 150 వాట్లే, దానికయ్యే కరెంటు రాత్రికి అర యూనిట్ పైచిలుకు. మొక్కలు వదిలే తేమని కూడా ఏసీయే లాగేసి పైపులోంచి బయటికి పంపింది, పొద్దున్నే కింద బకెట్టులో నీళ్లు మునుపటికంటే ఎక్కువ. ఏసీ లేని గదిలో గాలి బయటికి, ఏసీ గదిలో గాలి ఆ గదిలోకే. ఎంత సులువుగా ఉందో చూడండి, నాకు రెండున్నర నెలలు పట్టింది.

టెంట్ లోపల 27, 28. కొత్త మొలకలు మే 10కల్లా కళకళలాడాయి. ఇక గట్టెక్కాం అనుకున్నాను.

పగలు ఏసీ ఉండదు కదా. లైటు ఆరి ఉన్నా గది 34కి ఎక్కుతుంది, ఆకులు తట్టుకున్నాయి, టబ్బులో నీళ్లు తట్టుకోలేదు. మే 14 సాయంత్రం మూత ఎత్తితే మురుగు వాసన. తెల్లగా ఉండాల్సిన వేర్లు టీ డికాక్షన్ రంగులో, పట్టుకుంటే జిగురుగా చేతికి వచ్చేశాయి. నీళ్లు 31. నీరు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, వేరు కుళ్లు తెగులుకి అదే అదను. పైగా ఎయిర్ పంపు టెంట్ లోపలే పెట్టాను, ఆ వేడిగాలినే నీళ్లలోకి బుడగలుగా పంపుతోంది. ఒక టబ్బు మొత్తం పారబోశాను, తొమ్మిది మొక్కలు. కోపం కంటే నీరసం వచ్చింది. ఆ రాత్రి టెంట్ అమ్మేద్దామని ఫోటోలు కూడా తీశాను.

అమ్మేయలేదు. మిగిలిన టబ్బుకి చుట్టూ థర్మాకోల్ పలకలు అంటించి, పంపుని గదిలో నేలమీద పెట్టి, ఫ్రీజర్లో లీటరు సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి పగలు పదకొండుకి ఒకటి, మూడింటికి ఒకటి వేయడం మొదలుపెట్టాను. ఇరవై లీటర్లలో లీటరు ఐసు కరిగితే నాలుగు డిగ్రీలు తగ్గాలి, నాకు ఒక్కో సీసాకి మూడు తగ్గింది. రెండు సీసాలతో 31 కాస్తా 27 దగ్గర ఆడింది. సీసా మూత గట్టిగా ఉందో లేదో చూసుకోండి, కారితే ఎరువు నీళ్లు పలచనవుతాయి. నేను ఆఫీసుకి వెళ్లాల్సిన రోజుల్లో ఆ పని అమ్మది. "మీ నాన్నకి కూడా ఇంత టైముకి మజ్జిగ ఇచ్చిందాన్ని కాను" అంటూనే ఒక్క రోజు కూడా మర్చిపోలేదు.

మే 25న రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండలంటారు, మా ఇంట్లో మాత్రం లెట్యూస్ పగలలేదు. 29న కోశాను, పదకొండు గుత్తులు. మే నెల కరెంటు బిల్లు ముందు ఏడాది మే కంటే 740 రూపాయలు ఎక్కువ వచ్చింది. అందులో లైటుది, ఫ్యాన్లది, ఏసీ మీద పడ్డ బరువుది ఎంతెంతో విడదీయలేదు, ఆవిడ కూడా అడగలేదు. ఏప్రిల్‌లో చేదెక్కిన రొమేన్ ఏం చేయాలో తెలియక పారేయబోతే అమ్మ పెసరపప్పులో వేసి, ఎండుమిర్చి, ఇంగువ తాలింపు పెట్టింది. చేదు ఎటు పోయిందో తెలియదు. అప్పటినుంచి మంచి ఆకు కూడా సగం పప్పులోకే పోతోంది.

జూన్ 9న, మృగశిర వచ్చిన మర్నాడో ఏమో, గట్టి వాన పడింది. రాత్రులు ఏసీ అక్కర్లేదు, టెంట్ మళ్లీ పాత గదికి, డక్టు మళ్లీ కిటికీలోకి. ఇప్పుడు గది 28, తేమ 80. వేడి పోయి తేమ పట్టుకుంది, ఫ్యాను రాత్రీపగలూ ఆపకుండా తిప్పుతున్నాను. కొత్త మొలకలు ఇంకా ట్రేలోనే ఉన్నాయి, వారం దాకా టెంట్ ఖాళీ. ఖాళీ అనుకున్నాను. నిన్న జిప్పు తీస్తే లోపల లైటు వెలుగులో, క్లిప్పు ఫ్యాను గాలికి, పాత చీర ముక్క మీద వరసగా బియ్యప్పిండి వడియాలు. డాబా మీద పెట్టినవి వానకి సగమే ఎండాయట. "తలుపు మూసెయ్యరా, దుమ్ము పడుతుంది" అని వంటింట్లోంచి అమ్మ.